ఎర్మెస్ చెవి

పిండి ముద్ద గురి తప్పకుండా ఎర్మెస్ వీపుకు తగిలింది. బల్ల కింద దూరి ఏదో వెతుక్కుంటున్న ఎర్మెస్ తల బయటపెట్టి ముందు పెళ్లాం వంక, తర్వాత రిపేరు షెడ్డు గుమ్మంలో ఆగిన ఎర్ర కారు వంక చూశాడు.

“గిరాకీ వస్తే పిలిచే పద్ధతేనా ఇది?” అన్నాడు.

“పిలిస్తే పలికే మనిషివా నువ్వు?” అంది జెలిందా.

కారు దిగుతున్న కొర్రాదోకు నవ్వొచ్చింది గాని, నవ్వే స్థితిలో లేడు. ఆయన మోదెనా ఊళ్లో లెక్కల మాస్టారు. ముప్ఫై ఏళ్లుగా ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం 1967 నాటి ఆ రెండు సీట్ల రేసు కారు. నెల రోజులుగా దాని ఇంజన్లో టకటకమని ఒకటే చప్పుడు. మూడు షెడ్లు తిరిగాడు. ముగ్గురిదీ ఒకే మాట: క్రాంకు బేరింగులు పోయాయి, ఇంజను మొత్తం విప్పాలి. అది మాస్టారి జీతంతో తేలే పని కాదు. విడిభాగాల కోసం బండిని కొనుక్కుపోతానన్న మనిషి శనివారం వస్తానన్నాడు. ఎర్మెస్ కూడా ఆ మాటే అంటే, ఇక ఆశ వదులుకోవాల్సిందే.

“మీ చెవిని మించిన చెవి ఈ చుట్టుపక్కల లేదంటారు,” అన్నాడు కొర్రాదో, బానెట్ ఎత్తుతూ.

“మొహం ఇటు తిప్పి చెప్పండి మాస్టారూ. ఇంజన్‌తో గుసగుసలాడేవాళ్లంటే నాకు పడదు.”

కొర్రాదో బుద్ధిగా తిరిగి నిలబడి మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. ఎర్మెస్ రెప్ప వాల్చకుండా విన్నాడు. ఇంత శ్రద్ధగా వినే మెకానిక్కును మాస్టారు ఇంతవరకూ చూడలేదు.

“ఆ ముగ్గురూ కంప్యూటర్లు తగిలించి చూశారా?”

“తగిలించడానికి దీనికి చోటేదీ?”

“అందుకే క్రాంకు అన్నారు. తెలియని జ్వరానికి పెద్ద రోగం పేరు పెడితే వైద్యుడికి గౌరవం,” అన్నాడు ఎర్మెస్. “స్టార్ట్ చెయ్యండి. చేశాక ఎవరూ నోరెత్తకూడదు. ఈ షెడ్డులో అదే చట్టం.”

ఇంజను గర్జించింది. ఎర్మెస్ మూరెడు స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి చేర్చాడు. ఎవరైనా శ్రద్ధగా వినాలంటే కళ్లు మూసుకుంటారు. ఈయన మాత్రం గుమ్మం దగ్గర తోర్తెల్లీనీ అనే బుల్లి మాంసం కజ్జికాయలు చుడుతున్న పెళ్లాం వంక గుడ్లురిమి చూశాడు. ఆవిడ ఎదురుగా పలకంత పిండి, గిన్నెడు మాంసం. ఒక్కో ముక్కలో కాస్త మాంసం పెట్టి, వేలికి చుట్టి నొక్కడం ఆవిడ పని.

ఎర్మెస్ మొదటి ప్లగ్గు వైరు పీకాడు. బేరింగు పోయిన సిలిండరైతే వైరు పీకగానే చప్పుడు మెత్తబడుతుంది. ఆ సంగతి మాస్టారికీ తెలుసు గాని, ఆయన చెవికి అంతా ఒకటే రొద.

జెలిందా చూపుడు వేలెత్తి అడ్డంగా ఊపింది.

మొదటి వైరు తగిలించి రెండోది పీకాడు. ఆవిడ పెదవి విరిచి, గడ్డం కింద వేళ్లతో అవతలికి విదిలించింది. మూడోదానికీ అంతే. నాలుగోదానికి రెండు చేతులూ పైకెత్తి పిండి దులిపేసింది. ఎర్మెస్ అయిదు వేళ్లూ ముడిచి ‘ఇంతకీ ఏమంటావే?’ అన్నట్టు ఊపాడు.

కొర్రాదోకు ఇది కొత్తేమీ కాదు. ఆయనింట్లోనూ సగం తగవు చేతులతోనే నడుస్తుంది. అయినా పనిలో ఉన్న మొగుణ్ని ఇలా సాధించాలా అని ఒళ్లు మండింది. ఈ గయ్యాళితో ఇంతకాలం ఎలా వేగాడో పాపం అనుకున్నాడు.

ఎర్మెస్ ఇంజను ఆపించి, ఫ్యాను బెల్టు ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేయమన్నాడు. కాసేపటికి జెలిందా బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో సన్నటి గీతొకటి గీసి, మళ్లీ పిండి మీదికి వంగింది. ఎట్టకేలకు ఆవిడ కోపం చల్లారినట్టుందని మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు.

“ఆపండి,” అన్నాడు ఎర్మెస్. “బేరింగులు నిక్షేపంలా ఉన్నాయి.”

“నిజంగానా?”

“బెల్టు తియ్యగానే టకటక ఆగింది. రోగం దాని చివర ఉంది. చెయ్యి పెట్టి చూడండి.”

కొర్రాదో డైనమో కప్పీని పట్టి కదిపాడు. అది ఇరుసు మీద పాలపన్నులా కదిలింది. దాన్ని బిగించి ఉంచే గోరంత ఇనప ముక్క అరిగిపోయింది.

“ఇదీ మీ క్రాంకు!” అన్నాడు ఎర్మెస్.

పాత బిస్కట్ల డబ్బాలో వెతికి అలాంటి ముక్కే తీశాడు. ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది, కప్పీ బిగించి, బెల్టు వేసేసరికి అరగంట పట్టింది. ఈసారి ఇంజను ఒక్క టకటకా లేకుండా హాయిగా తిరిగింది. ఎర్మెస్ అలవాటుగా గుమ్మం వంక చూశాడు. జెలిందా వేళ్ల కొసలు ముద్దు పెట్టుకుని గాలిలోకి వదిలింది. మాంసంలో ఉప్పు సరిపోయింది కాబోలనుకున్నాడు మాస్టారు.

సంతోషంతో ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. శనివారం రావద్దని కొనేవాడికి అక్కణ్నుంచే ఫోన్ చేసి చెప్పేశాడు. ఎర్మెస్ కుళాయి దగ్గర అటు తిరిగి చేతులు కడుక్కుంటున్నాడు. ఇదే అదననుకుని కొర్రాదో జెలిందా దగ్గరికి వెళ్లాడు.

“అమ్మా, చనువుకొద్దీ ఒక మాట. అలాంటి చెవి జిల్లా మొత్తం గాలించినా దొరకదు. ఆయన వింటున్నప్పుడైనా మీరు కాస్త ఊరుకోకూడదూ?”

జెలిందా పకపకా నవ్వింది. “నేనూరుకుంటే మీ బండి ముక్కలయ్యేది మాస్టారూ. ఆ చెవి సంగతేదో ఆయనకే చెప్పండి, పొంగిపోతాడు.”

“ఎర్మెస్ గారూ!” అని పిలిచాడు కొర్రాదో. ఆయన తిరగలేదు. “ఎర్మెస్ గారూ!” అని ఈసారి షెడ్డు అదిరేలా అరిచాడు.

“ఎదురుగా వెళ్లి చెప్పండి, ఆయనకి చెవుడొచ్చి పద్నాలుగేళ్లయింది.”