మొగలిపేట మహోత్సవం

“వాహనం పొడవు ముప్పై మూడు అడుగులా?” వైకుంఠరావు కలం ఆపి, కళ్లజోడు మీదుగా చూశాడు.

“అవును బాబూ. ఎత్తు పదకొండు, బరువు పన్నెండు టన్నులు. అన్నీ కనుక్కునే వొచ్చినాను” అంది చిన్నమ్మి, ఖాళీ చేపల తట్టను గోడకు ఆనించి.

టెక్కలిలోని ఆ కార్యాలయం పేరు చెప్పడం మర్యాద కాదు. అందులో ఊరేగింపులకూ జాతరలకూ అనుమతులిచ్చే బల్ల వెనుక వైకుంఠరావు ఇరవై తొమ్మిదేళ్లుగా కొలువుతీరి ఉన్నాడు. ఆయన దివ్యాస్త్రం కొర్రీ. దరఖాస్తును ఆమోదించకుండా, అలాగని తిరస్కరించకుండా, అంచున ఎర్రసిరాతో ఒక ప్రశ్న రాసి వెనక్కి పంపే ఆ విద్యలో ఆయనకు సాటి లేరు. విఘ్నాలను తొలగించే దేవుడు సైతం తన నిమజ్జనానికి ఆయన సంతకం కోసం ఏటా మూడు వారాలు నిరీక్షించేవాడు.

చిన్నమ్మి సంతబొమ్మాళి అవతల, సముద్రపుటొడ్డున ఉన్న మొగలిపేట అనే పల్లెకు పెద్ద. భోజనాల వేళ దాటాక రావడమేమిటని ఆయన మొదటే మందలించాడు.

“బస్సు మానేసి మూడేళ్లయినాది బాబూ. గెడ్డ దాకా నడిసి, ఆపైన ఆటో ఎక్కినాను.”

“బస్సుల గోడు మూడో సెక్షనులో చెప్పుకో. ఇక్కడ ఊరేగింపుల మాటే మాటాడాల” అని ఆయన దరఖాస్తులోకి దిగాడు. తేదీ జూన్ పన్నెండు. సమయం ఉదయం ఎనిమిది. మార్గం, పెద్దరోడ్డు నుంచి మొగలిపేట వరకు. ఊరేగింపు ఎవరిదన్న గడి మాత్రం ఖాళీగా ఉంది.

“ఇదేటి, రాయలేదు?”

“నాకు రాత రాదు బాబూ. మిగతాయి ఒకరి సేత రాయించినాను. ఇది మీకు తోసింది మీరే రాసీండి.”

ఒడ్డు ఊళ్ల నుంచి ఇరవై తొమ్మిదేళ్లలో ఇంకో రకం ఊరేగింపు వచ్చి ఎరుగడు గనుక, వైకుంఠరావు తన ముత్యాల దస్తూరీతో ‘గ్రామదేవత అమ్మవారు’ అని పూరించాడు. ఇది ఏ పక్షం, ఏ తిథి అని అడిగితే చిన్నమ్మి తల అడ్డంగా ఊపింది.

“తిథి నాకు తెల్దు. ఆ తేదీ తప్పితే మాకు ఈ ఏడు కూడా పోయినట్టే బాబూ.”

ఆ మాటకు ఆయన ఒక్క క్షణం మెత్తబడ్డాడు. మరుక్షణం తేరుకుని మొదటి కొర్రీ సంధించాడు: దారికి అడ్డంగా పారే గెడ్డ మీది కల్వర్టు పన్నెండు టన్నులు మోయగలదా?

సాధారణంగా ఈ దెబ్బకు కమిటీవాళ్లు నిట్టూర్చేవారు, కొందరు శపించేవారు. చిన్నమ్మి మాత్రం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. “మంచి మాట అడిగినారు. ఇంజినీరు బాబుకి కాగితం రాసీండి.”

ఆయన రాశాడు. ‘సదరు మార్గము పన్నెండు టన్నుల వాహనమునకు యోగ్యమని ధ్రువీకరించవలెను. ప్రమాదము సంభవించినచో సంతకము చేసినవారిదే పూర్తి బాధ్యత.’ ఆ రెండో వాక్యం చదివిన ఇంజినీరుకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కూలబోయే కల్వర్టు మీద సంతకం పెట్టలేడు, అమ్మవారిని కాదనే ధైర్యమూ లేదు. పదిహేను రోజుల్లో గెడ్డ మీద కొత్త కల్వర్టు లేచింది.

రెండో కొర్రీకి కొబ్బరితోటల్లో చేతికందేలా వేలాడుతున్న కరెంటు తీగలు పైకి లేచాయి. మూడో కొర్రీకి దారిని మింగేసిన మొగలి పొదలు తొలగి, గోతులు పూడి, తారు పడింది. ఒక్కొక్క ధ్రువపత్రం పట్టుకుని చిన్నమ్మి తట్టతో సహా వచ్చేది, మరో కొర్రీ ఉందా అని ఆశగా అడిగేది. అస్త్రాలన్నీ అయిపోయి వైకుంఠరావు వెలవెలబోయిన రోజున ఆమే అందించింది:

“ఊరి సివర బండి తిరగడానికి సోటు వొద్దేటి బాబూ? మీరు అడగనేదు.”

ఆయన కళ్లు చెమర్చాయి. నిబంధనలను ఇంతగా ప్రేమించే మనిషి ఈ భూమి మీద ఉంటుందని ఆయన కలలోనైనా అనుకోలేదు. నాలుగో కొర్రీ పుట్టింది, దానితో పాటు ఊరి చివర చదును చేసిన గుండ్రని మైదానమూ పుట్టింది.

జూన్ పదో తేదీన అనుమతి పత్రం మీద గుండ్రటి ముద్ర పడింది. చిన్నమ్మి రెండు నకళ్లు అడిగింది. “ఒకటి మాకు, ఒకటి బండోలకి. ఈ సంతకాలన్నీ సూపిత్తేనే గానీ ఆలు బండి తియ్యరు.”

ఒక్క లోపమూ లేని దస్త్రం సర్వీసులో అదే మొదటిది గనుక, వైకుంఠరావు సెలవు పెట్టి, కొత్త పంచె కట్టి, పన్నెండో తేదీ పొద్దున్నే మొగలిపేటలో వెలిశాడు. ఊరు ఊరంతా దారి పొడవునా నిలిచింది. తప్పెటగుళ్ల దళం గుండెలు అదిరేలా వాయిస్తోంది. ఆడవాళ్లు పసుపునీళ్ల బిందెలతోనూ, పిల్లలు తలకు నూనె రాసుకుని, భుజాన పుస్తకాల సంచులతోనూ ఎదురుచూస్తున్నారు. ఇంజినీరు కల్వర్టు పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

ఎనిమిదింటికి తోటల వెనుక దుమ్ము లేచింది. మామిడి తోరణాలతో, అరటి బోదెలతో, ముందరి అద్దం కనబడనన్ని బంతిపూల దండలతో మహావాహనం కదిలి వచ్చింది. కల్వర్టు కిక్కురుమనలేదు. తీగలు దరిదాపుల్లో లేవు. గోతి అన్నదే తగల్లేదు. మైదానంలో అది రాజసంగా ఒక చుట్టు తిరిగి ఆగగానే బిందెలు చక్రాల మీద కుమ్మరించారు. చిన్నమ్మి కొబ్బరికాయ కొట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుని, వైకుంఠరావు చెయ్యి పట్టుకుంది.

“ఇది మీ సలవే బాబూ. ముందు మీరే ఎక్కాల.”

దేవతా వాహనం మీద తొలి గౌరవం తనకా! ఆయన ఒళ్లు పులకరించింది. కళ్లు మూసుకుని, చేతులు జోడించి, అమ్మవారి దివ్యదర్శనానికి మనసును సిద్ధం చేసుకున్నాడు. దండల మధ్య తలుపు కిర్రుమని తెరుచుకుంది.

“టెక్కలి, టెక్కలి” అంటూ కండక్టరు దిగాడు.