నెట్టూనో కుడిచేయి

“బంతి కనబడిందా నీకు?”

“చప్పుడు వినబడింది. అది చాలదూ!”

గ్యాలరీలో ముసలాళ్లిద్దరూ పగలబడి నవ్వారు. కింద కంచె పక్కన కూర్చున్న నేవియోకి ఆ నవ్వు చెవుల్లో సీసం పోసినట్టు తగిలింది. ఒకప్పుడు ఇటలీలోని ఈ రేవు ఊరు నెట్టూనోలో, ఇదే మైదానంలో ఆ మాట తన విసురు గురించి అనేవారు. బేస్‌బాల్‌లో బంతి విసరడానికి ఆ ఊరి నుంచి అమెరికా వెళ్లాడు నేవియో. మూడేళ్లు చిన్న జట్లతో బస్సుల్లో తిరిగి, పెద్ద మైదానం గడప తొక్కకుండానే వెనక్కొచ్చాడు. అయినా రేవులో అందరికీ అతనే ‘అమెరికావాడు’.

మాన్లియో వచ్చేదాకా.

ఇరవై ఏళ్ల మాన్లియో విసిరితే బ్యాటు పట్టినవాడు గాలిని కొట్టి వెళ్లిపోతున్నాడు. ఇప్పుడు రొట్టెల కొట్టుకెళ్లినా నేవియోను అడిగేది ఒక్కటే: “మన మాన్లియో ఎలా ఉన్నాడు?”

ఆట అయ్యాక, ఆటగాళ్లను ఎంచుకోవడానికి అమెరికా నుంచి వచ్చిన పెద్దమనిషి నేవియో పక్కన కూర్చున్నాడు.

“రేపు మాన్లియోతో సంతకం పెట్టించేస్తాం. రోజూ వాడితో సాధన చేసేది నువ్వే కదా. చెయ్యి ఎలా ఉంది?”

ఉక్కులా ఉందనే నేవియో నమ్మకం. అదే అనబోయాడు. అంతలో గ్యాలరీలో మళ్లీ మాన్లియో పేరు మోగింది.

“మోచేయి నొప్పి,” అన్నాడు. “పైకి చెప్పడు. దాస్తున్నాడు.”

పెద్దమనిషి ముఖం వాడిపోయింది. “మోచేయి పోయినవాళ్లు మాకిప్పటికే ఉన్నారయ్యా,” అంటూ లేచి వెళ్లిపోయాడు.

తన అబద్ధం ఒప్పేసుకుందామని నేవియో మర్నాడు పొద్దున్నే మైదానానికి వస్తే, మాన్లియో ఎదురుగా విసవిసా నడిచొస్తున్నాడు.

“ఆయనకి చెప్పింది నువ్వేనట?”

“నేనే.” దెబ్బకు సిద్ధపడి దవడ బిగించాడు నేవియో.

మాన్లియో అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. “నేను అమెరికా వెళ్తున్నానని మా నాన్న రేవంతా చాటేశాడు. వెళ్లనని నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వు చెప్పావు, బతికిపోయాను.”

“ఒరే, కోపముంటే కొట్టు. ఎగతాళి చెయ్యకు. నేను చెప్పింది పచ్చి...”

మాన్లియో కళ్లు తుడుచుకోవడానికి కుడిచేయి ఎత్తబోయి, సగంలోనే ఆగిపోయాడు.

“డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పలేదే, నీకెలా తెలిసింది?”