తగ్గించిన వెలుగు

"మావాడి ల్యాప్‌టాప్ తెర చచ్చిపోయింది బాబూ. అబ్బాయి పోయాక వాడి ఫోటోలైనా చూసుకుందామంటే అంతా చీకటే," అంది తల్లి.

మెకానిక్ ల్యాప్‌టాప్ ఆన్ చేసి, నల్లటి తెర మీదికి ఏటవాలుగా టార్చి కొట్టాడు. లోపల పల్చగా అబ్బాయి ముఖం నవ్వింది. ఆమె ఉలిక్కిపడి కుర్చీ పట్టుకుంది.

"తెరకేం కాలేదమ్మా. చీకట్లో మాత్రమే కనిపించేంతగా వెలుగు తగ్గించి పెట్టుకున్నాడంతే. రాత్రిళ్లు పనిచేసేవాడా?"

"మాది ఒకటే గది. వెలుగు కళ్లలో పడుతోందని ఓసారి విసుక్కున్నాను. మర్నాటి నుంచీ హాయిగా నిద్రపట్టేది. వాడు పని మానేసి పడుకుంటున్నాడనుకున్నాను."

మెకానిక్ వేలు కీ మీద ఆగింది. "వెలుగు పెంచనా అమ్మా?"

"వద్దు నాయనా. వాడు పోయినప్పట్నించీ భయమేసి ఇంట్లో లైటు ఆర్పనేలేదు. ఇవాళ ఆర్పి చూసుకుంటాను."