ఊ కొట్టాలె

"అవ్వా, జర ఆగు! ఎవలు నువ్వు?"

బాలమణి అడుగుతుండగానే ముసలావిడ తిన్నగా వచ్చి మగ్గం ముందు కూలబడింది.

అది పందొమ్మిది వందల ఎనభై అయిదు ఎండాకాలం. గద్వాలలోని ఆ ఇంట్లో మగ్గం ఆగి నాలుగు రోజులైంది. పాత పడుగు కొసలకు కొత్త పడుగును పోగు పోగూ అతికే కూలి మనిషి జయరాజు జ్వరంతో మంచం పట్టాడు.

"నేనతుకుత బిడ్డా. కూలొద్దు. కత చెప్పుకుంట అతుకుత, ఎవలన్న ఊ కొట్టాలె. ఊ ఆగితె నా చెయ్యి ఆగుతది."

బాలమణికి నవ్వొచ్చింది. ఊ కొడితే పోయేదేముంది? సరేనంది.

అవ్వ మగ్గం పక్కనున్న చిప్పలోని బూడిదలో వేళ్లు అద్దింది. పోగుకో పేరు చెబుతూ మెలిపెట్టసాగింది.

"గిది చెన్నయ్య ఇల్లు."

"ఊ."

"గిది జంగమ్మ జొన్నరొట్టె."

పొయ్యి రాజేయని ఇంట్లో రొట్టె కాలిన వాసన గుప్పుమంది! బాలమణి చప్పున పొయ్యి వైపు తిరిగింది. నోట ఊ రాలేదు.

అవ్వ చెయ్యి ఆగింది.

"ఊ."

ఆ గొంతు లోపలి గదిలోంచి వచ్చింది.

బాలమణి నిర్ఘాంతపోయింది. లోపలున్నది అత్త శారదమ్మ ఒక్కతే. నాలుగేళ్ల కిందట వాళ్ల ఊరు కృష్ణలో మునిగిన నాటి నుంచి ఆమె నోరు విప్పలేదు. ఎందుకని అడిగితే ఇంట్లో అందరూ తల దించుకుంటారు. కాపురానికొచ్చి రెండేళ్లయినా బాలమణి ఆ గొంతు వినడం ఇదే మొదలు.

ఇక కథ ఆగలేదు. మనుషుల తర్వాత గొడ్లు, గొడ్ల తర్వాత చెట్లు, ఆఖరికి బావిగిలక కూడా వచ్చింది. ప్రతి పేరుకూ లోపలి నుంచి ఊ. బాలమణి కళ్లప్పగించి కూర్చుంది, అన్నం సంగతే మరిచింది.

పొద్దు వాలేసరికి అవ్వ లేచింది.

"ఒక్క పోగు మిగిలింది గదా అవ్వా?"

"దాని కత మీ అత్తకే ఎరుక. ఆమెనే అతకాలె."

బాలమణి నీళ్ల చెంబు తెచ్చేలోపు గడపలో ఎవరూ లేరు. చిప్పలోని బూడిద మాత్రం తడిసి ఒండ్రుమట్టి అయివుంది.

శారదమ్మ గోడ పట్టుకుని బయటికొచ్చింది. ఆ మట్టిలోనే వేళ్లు అద్ది, మిగిలిన పోగును అతికింది.

"అత్తమ్మా, ఎవలామె? పేరన్న అడగకపోతి."

శారదమ్మ మగ్గం చెక్కకు తల ఆనించింది.

"నీళ్లొచ్చిన నాడు, బండి మీద గీ మగ్గానికి సోటు సాలక, మల్లొచ్చి తీస్కపోతనని జెప్పి నేను కిందికి దించిన మా అత్త."