బకెట్‌కి రెండు చుక్కలు

ఎవరో తలుపు దబదబా బాదుతున్నారు.

అద్దాలాయన చేతిలో బకెట్‌తోనే వెళ్ళి తీశాడు. కళ్ళజోళ్ళ షాపు కాబట్టి అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఆదివారం పొద్దున చేపల తొట్టికి నీళ్ళు మార్చే వేళ అది. ఆ వేళ యముడొచ్చినా బయట నిలబడాల్సిందే.

గుమ్మంలో ఒక పెద్దాయన. మాసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్ళు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. సైకిల్ గోడకి ఆనించి ఉంది.

"బాబూ, తొట్టిలో నీళ్ళు మార్చేశారా?"

అద్దాలాయన బకెట్ వెనక్కి లాక్కున్నాడు. ఇంట్లో తొట్టి ఉందని ఈయనకెలా తెలుసు? పోయిన నెలే పక్క వీధిలో ఎవరింట్లోనో చేపల్ని పట్టపగలు ఎత్తుకుపోయారు.

"ఎవరు నువ్వు?"

"నేనెవరైతే ఏం గానీ, ముందా బకెట్ దించండి. కుళాయి నీళ్ళలో కలిపే మందు మార్చారు. పంపుహౌస్‌లో అడిగొచ్చాను."

"ఇవి రాత్రంతా డ్రమ్ములో నిలవబెట్టిన నీళ్ళు. మందు ఎప్పుడో ఎగిరిపోయింది. తాతకు దగ్గులు నేర్పకు."

"పాత మందైతే ఎగిరిపోయేది బాబూ. ఇది పోదు. నా దగ్గర కూడా..."

"ఆగక్కడ! లోపలికెక్కడికి?"

పెద్దాయన కాలు అప్పటికే గడప దాటింది. చూపు తొట్టి మీదే ఉంది. పెదాలు కదుపుతూ చేపల్ని లెక్కపెడుతున్నాడు.

"బాగా పెంచారు" అన్నాడు మెల్లగా. జేబులోంచి చిన్న సీసా తీశాడు. "బకెట్‌కి రెండు చుక్కలు. ఆ మందు విరిగిపోతుంది. డబ్బులేం వద్దు."

డబ్బులొద్దు అన్న మాటతో అద్దాలాయన అనుమానం కాస్తా పెనుభూతమైంది. ఈ రోజుల్లో ఊరికే ఇచ్చేవాడెవడు? సీసా లాక్కుని, మనిషిని బయటికి నెట్టి, మొహం మీదే తలుపు వేసేశాడు. సీసా చెత్తబుట్టలో పడింది.

"పాపం, ఏదో చెప్పబోయాడండీ" అంది భార్య.

"నువ్వూరుకోవే. విషం పోయించి వినోదం చూసేవాళ్ళుంటారు."

ఆయన భయం ఆయనది. అవి ఆఫ్రికా సరస్సు చేపలు, ఒంటి నిండా నల్లపట్టీలు. తల్లి చేప తిండి మానేసి మరీ పిల్లల్ని నోట్లో దాచుకుని కాస్తుంది. ఇక పెరగడమంటారా, నత్త నయం. చింతగింజంత ఉన్నప్పుడు పంతొమ్మిదింటిని తెచ్చాడు. ఏణ్ణర్థానికి చూపుడువేలంత అయ్యాయి. షాపులోని భూతద్దం తెచ్చి రోజూ ఒక్కోదాన్నీ చూసుకునేవాడు. ఇంకో ఏడాదిన్నర ఆగితే అవీ పిల్లల తల్లులవుతాయి. ఆ రోజు కోసం ఊరెళ్ళడమే మానేశాడు.

"ఆ భూతద్దం పెట్టి నన్నెప్పుడైనా చూశారా?" అనేది భార్య.

మూడు బకెట్లు పోశాడు. ఒక్క చేపా ఉలకలేదు.

"చూశావా?" అన్నాడు గర్వంగా.

కాఫీ తాగి వచ్చేసరికి ఒకటి పైకొచ్చి నోరు తెరుస్తోంది. దాని పక్కకి ఇంకోటి వచ్చింది. ఆ వెనక మూడు.

"ఏమండీ, అన్నీ పైకొచ్చేస్తున్నాయి!"

రెండో గాలి పంపు పెట్టాడు. లాభం లేదు. ఒకటి పక్కకి ఒరిగింది. నీళ్ళు తోడేసి వేరేవి పోద్దామంటే, ఉన్నవన్నీ ఆ డ్రమ్ము నీళ్ళే.

భార్య చెత్తబుట్టని నేల మీద బోర్లించింది. ఉల్లిపొట్టు, కాఫీ పిప్పి, వాటి మధ్య సీసా.

"అది విషమేమోనే!"

"చచ్చేవాటికి ఇంకా విషమేంటండీ, పొయ్యండి!"

పన్నెండు బకెట్ల తొట్టి. ఇరవై నాలుగు చుక్కలు. తొందరలో రెండు మూడు ఎక్కువే పడ్డాయి.

ఇద్దరూ తొట్టి ముందు కూర్చున్నారు. ఒరిగిన చేపొకటి మెల్లగా నిటారైంది. తర్వాత మరొకటి.

మధ్యాహ్నానికి నాలుగు మిగిలాయి. పదిహేను పోయాయి. ఒక్క అరగంట ముందు ఆ సీసా మూత తీసి ఉంటే అన్నీ ఉండేవి. అద్దాలాయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు తను చేపపిల్లల్ని కొన్న షాపు తెరవకముందే అక్కడ నిలబడ్డాడు.

"నాలుగు మిగిలాయి. వాటికి తోడుగా ఇంకో డజను పిల్లల్ని తెప్పించు. ఎంతైనా ఇస్తాను."

షాపతను తల అడ్డంగా ఊపాడు.

"ఇక రావు సార్. ఈ జాతిని పెంచేది మన వైపు మొత్తం మీద ఒక్కాయనే. ఇరవయ్యేళ్ళుగా ఇంట్లోనే పెంచుతున్నాడు. మీ చేపపిల్లల తల్లి కూడా ఆయన తొట్టిదే. శనివారం సాయంత్రం నీళ్ళు మార్చాడట. తెల్లారేసరికి తల్లులూ పిల్లలూ ఒక్కటీ మిగల్లేదు."

"నీకెలా తెలుసు?" అన్నాడు అద్దాలాయన.

"చచ్చినవాటిని తీస్తూ తీస్తూ, ఆ తడి చేతులతోనే మా ఇంటికొచ్చి నన్ను లేపాడు. చేపపిల్లల్ని కొన్నవాళ్ళ అడ్రసులన్నీ రాయించుకున్నాడు. ఫోన్ చేద్దామన్నాను. ఫోన్‌లో చెబితే ఎవరూ నమ్మరు, మనిషిని చూస్తే నమ్ముతారు అని సైకిలెక్కాడు. ఆదివారం పొద్దున్నే నీళ్ళు మార్చేది మీరేనని నేనే చెప్పాను."

షాపతను తాళం తీస్తూ వెనక్కి తిరిగాడు.

"అందరికంటే ముందు మీ ఇంటికే వెళ్తానన్నాడే, రాలేదా సార్?"