ఇంటి మాట

పునాదికి ముగ్గు పోసిన రోజునే ఆ ముసలామె వచ్చింది.

1998 అది. యలహంక అవతల పొలాలన్నీ సైట్లుగా మారుతున్న కాలం. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో విత్తనాల లాబ్‌లో పనిచేసే దేవదానం, పీఎఫ్ మొత్తం ఊడ్చి అక్కడ ఒక సైటు కొన్నాడు. ఆదోని నుంచి బెంగళూరు వచ్చాక ఆరు అద్దె ఇళ్ళు మారాడు. ఏడోది సొంతం కావాలని పట్టుబట్టాడు.

ఆమె ముగ్గు గీతకు అవతలే నిలబడింది. గీత దాటలేదు.

"నువ్వేనా అప్పా దీన్ని కొనింది?"

అవునన్నాడు.

"కాగితాలు బాగా చదువుకున్నావా?"

దేవదానానికి సిగ్గేసింది. కన్నడం ధారాళంగా మాట్లాడతాడు. అచ్చులో ఉంటే కూడబలుక్కుని చదువుతాడు. ఆఫీసు చేతిరాత మాత్రం ఒక్క ముక్క పోల్చుకోలేడు. స్థలం అమ్మిన జయరామప్ప వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాడు, అంతే.

చదివానన్నాడు.

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసింది.

"ఒకసారి మా ఇంటికి రాప్పా. రైలుగేటు దాటినాక మూడో ఇల్లు. ఇంటి మాట, వీధిలో నిలబడి చెప్పేది కాదు."

అంతలో జయరామప్ప మోటారు సైకిలు వచ్చి ఆగింది. ఆమె వెళ్ళిపోయింది. పిచ్చి మనిషని, ఎవరు ఇల్లు కట్టినా ఇలాగే వస్తుందని, పట్టించుకోవద్దని జయరామప్ప చెప్పాడు. చెబుతున్నంతసేపూ బండి ఇంజను ఆపలేదు. ఆమె వెళ్ళిన వైపు తల తిప్పలేదు.

ఆ తర్వాత గోడలు లేచేటప్పుడు వచ్చింది. దర్వాజా నిలబెట్టేటప్పుడు వచ్చింది. ఏమీ అనదు. చూస్తూ నిలబడుతుంది.

దేవదానం భార్య ప్రేమకుమారి ఒకరోజు మజ్జిగ ఇవ్వబోతే పుచ్చుకోలేదు. మీ ఇంటాయనను ఒక్కసారి మా ఇంటికి పంపమ్మా అని మాత్రం అడిగింది. పోయి రమ్మని ప్రేమకుమారి రెండుసార్లు పోరింది. వెళితే ఏదో ఒకటి అడుగుతుందని దేవదానం భయం. వెళ్ళలేదు.

స్లాబు వేసే రోజు కూడా ఆమె వచ్చింది. దేవదానానికి ఓపిక నశించింది. ఇంకోసారి ఈ ఛాయలకు రావద్దని పనివాళ్ళందరి ముందూ గట్టిగా చెప్పాడు.

ఆమెకు కోపం రాలేదు.

"నేనుండేదాకా నీకు నిమ్మళమప్పా. నేను పోయినాక ఈ ఇల్లు నీది కాదు."

కంకర కలిపే చేతులు ఆగిపోయాయి. మేస్త్రి గంగప్ప తాపీ కింద పెట్టేశాడు. ముసలి నోటి శాపం మంచిది కాదు, సామీ అన్నాడు.

పాస్టరుగారు వచ్చి నాలుగు మూలలా ప్రార్థన చేశాకే వాళ్ళు ఇంట్లో చేరారు.

ఆమె మళ్ళీ రాలేదు. అయినా పొద్దున్నే తలుపు తీస్తే దేవదానం కళ్ళు ముందు రోడ్డు మీదికే పోయేవి. వంటింటి గోడకు వెంట్రుకంత బీట కనిపించినా వెంటనే సిమెంటు పూసేవాడు. రైలుగేటు దారి మానేసి, పని నుంచి చుట్టూ తిరిగి వచ్చేవాడు.

2001లో ఒక సాయంత్రం, రోడ్డు తవ్వారని, ఆ దారినే రావలసి వచ్చింది. గేటు దగ్గర ఎదురుగా శవం వస్తుంటే సైకిలు దిగి పక్కకు నిలబడ్డాడు. బంతిపూల మధ్య ఆమె మొహం.

గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు కూడా. ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు. ఆ రోజు మాత్రం అతను కడుపునిండా తిన్నాడు.

నెల తిరక్కుండా కోర్టు నోటీసు వచ్చింది. జయరామప్ప అమ్మిన భూమిలో సగం తమదని మహేశ్ అనే ఆటో డ్రైవరు దావా వేశాడు. దేవదానం ఇల్లు ఆ సగంలోనే ఉంది. పరుగున వెళితే జయరామప్ప ఇంటికి తాళం.

కోర్టు వరండాలో మహేశ్ తనే దగ్గరికి వచ్చాడు. అతని గొంతులో పగ లేదు.

"మా అవ్వ మూడేండ్లు నన్ను ఆపింది సార్. పాపం, కష్టపడి కొనుక్కున్నాడు, ఇంటికొచ్చి అడిగితే నా వాటా వదులుకుంటా, ఊరికే వేలిముద్ర వేసిస్తా అనేది. తన తమ్ముణ్ణి బజారుకు ఈడ్చకుండా పోతాదని అట్ల. మీ కోసం చూసి చూసి పాయె."

దేవదానం మీ అవ్వ పేరేమిటని అడిగాడు. మూడేళ్ళలో అడగడం అదే మొదటిసారి.

సత్యభామ, అన్నాడు మహేశ్.

దేవదానం లాయరు చెన్నరాయప్ప పక్కనే ఉన్నాడు. ఆ పేరు వినగానే లాయరు తన చేతిలోని ఫైలు విప్పి, స్థలం అమ్మేటప్పుడు వారసులెవరో చూపడానికి జయరామప్ప ఇచ్చిన వంశవృక్షం కాగితం బయటికి తీశాడు. ఆ కన్నడం చేతిరాత మీద వేలు నడిపిస్తూ, మెల్లగా, తెలుగులో చదివి వినిపించాడు:

"జయరామప్పకు తోడబుట్టింది ఒక్కతే అక్క, సత్యభామ, పన్నెండో ఏట మశూచితో చనిపోయింది."