కింది సొరుగు

"మాస్కు తలకిందులుగా కట్టుకున్నారు" అంది పెద్ద సిస్టర్.

చిన్న డాక్టరు మాస్కు తీసి చూసుకున్నాడు. నిజమే. నీళ్ల తొట్టిలో పడిన ఆ పాప ఛాతీ మీద నలభై నిమిషాలు నొక్కినప్పుడూ, పాప ఇక లేదని తండ్రికి చెప్పినప్పుడూ అది అలాగే ఉందన్నమాట.

"చూశారా, అదొక్కటైనా చేతనవుతుందనుకున్నాను" అన్నాడు. నవ్వబోతే మూతి వంకర తిరిగింది.

ఎమర్జెన్సీ వార్డులో సిస్టర్ల గది అది. ఒక బల్ల, రెండు కుర్చీలు. అతను వచ్చేసరికి ఆవిడ ఏదో రాసుకుంటోంది. అతన్ని చూసి ఆ కాగితం మడిచి కింది సొరుగులో కుక్కింది. బయట ఆయా తడినేల తుడుస్తోంది.

"ఇలాంటి మాట కూర్చోబెట్టి చెప్పాలని చదువుకున్నాం సిస్టర్. 'కూర్చోండి' అన్నాను. అక్కడ కుర్చీ లేదు. పాపం, ఆయన నా మాట కాదనలేక నేల మీదే కూర్చున్నాడు."

సిస్టర్ పెన్నుకి మూత పెట్టింది.

"అప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. నేనూ కూర్చున్నాను. ఇద్దరం దారికి అడ్డంగా. స్ట్రెచర్ వాళ్లు వచ్చి జరగమన్నారు."

"జరిగారా?"

"జరిగాం."

అతను జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"రాజీనామా. మా నాన్న మందుల షాపు పెట్టిస్తానంటున్నాడు. అక్కడైతే ఎవర్నీ కూర్చోమనక్కర్లేదు."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇదిస్తే సూపరింటెండెంటు గారు మందుల చీటీ అనుకుంటారు. మళ్లీ రాయండి" అని తెల్లకాగితం, తన పెన్ను ముందుకు తోసింది. "'ఈ ఉద్యోగానికి నేను పనికిరాను' అని రాశారేంటి? ఆ సంగతి ఆయన్నే కనిపెట్టనివ్వండి. 'సొంత కారణాల వల్ల' అనండి. ఎవరూ ఆరా తీయరు."

ఆవిడ చెబుతుంటే అతను రాశాడు.

"ఇన్నాళ్లూ సహకరించినందుకు కృతజ్ఞతలు. నన్ను వెంటనే విధుల నుంచి తప్పించవలసిందిగా కోరుతున్నాను. ఇట్లు, తమ విధేయురాలు."

"విధేయుడు, సిస్టర్."

"అదే. మీకు తగ్గట్టు మార్చుకోండి."

ఆవిడ ఎక్కడా తడుముకోలేదు. ఈ బల్ల దగ్గర ఎంతమంది డాక్టర్ల చేత రాయించిందో అనుకున్నాడతను.

"మీకెప్పుడూ వెళ్లిపోవాలనిపించలేదా?"

"నాకా? ఇరవై రెండేళ్ల నుంచి ఇక్కడే పడి ఉన్నాను. రాయిని బాబూ నేను. అనిపిస్తే ఉంటానా?" అంది కళ్లజోడు తుడుచుకుంటూ. "సూపరింటెండెంటు గారు ఇవాళ రారు. ఆ కింది సొరుగులో పెట్టండి. రేపు పొద్దున డ్యూటీకి వచ్చాక, అప్పటికీ ఇదే మాట మీద ఉంటే మీరే పట్టుకెళ్లి ఇవ్వండి."

బయట అంబులెన్సు కూత వినిపించింది. ఆవిడ లేచి గుమ్మం దగ్గర ఆగింది.

"మాస్కు సరిగ్గా కట్టుకుని రండి. వరండాలో రెండు కుర్చీలు వేయించాను. ఒకటి మీకు."

అతను కింది సొరుగు లాగాడు. రాలేదు. బలంగా లాగితే మడతపెట్టిన కాగితాలు పైకి పొంగాయి. అన్నీ రాజీనామాలే. అతని మనసు తేలికపడింది. పారిపోవాలనుకున్నది తనొక్కడే కాదన్నమాట. రోజూ తనకి చీవాట్లు పెట్టే పెద్ద డాక్టరుది కూడా ఉంటుందేమోనన్న ఆశతో పైనున్నది విప్పాడు.

ఇవాళ్టి తేదీ. మూలన చిన్న అక్షరాలతో, 'పాప, ఐదేళ్లు'.

దాని కిందిది పోయిన నెలది. 'బాబు, మూడేళ్లు'. ఇంకోటి ఎప్పటిదో, కాగితం పసుపెక్కింది. 'బాబు, తొమ్మిది నెలలు'. సొంత కారణాల వల్ల. సొంత కారణాల వల్ల. సొంత కారణాల వల్ల.

అన్నిటి మీదా పెద్ద సిస్టర్ సంతకమే ఉంది.